వెనక్కి చూడని నడక

మొన్న ఉదయం జగ్గయ్యపేటలో, నేను ఎప్పుడూ గడ్డం గీయించుకునే షాపులో, మంగలి నా మొహానికి నురగ పూసి కత్తి గొంతు మీద ఆనించిన సమయానికే, వెనక బల్ల మీద కూర్చున్న స్థలాల బేరగాడు పేపరు పైకి చదవడం మొదలుపెట్టాడు. నందిగామ వైపు యువకుడట, హైదరాబాదులో ఏదో ఉద్యోగమట. ఫోనులో మరొక మగవాడితో పరిచయమైతే, అతను రమ్మన్న గదికి వెళ్ళాడట. అక్కడ ఒక్కడు కాదు, ఒక గుంపు ఉంది. తలుపు వేసి, కొట్టి, వీడియో తీసి, మీ ఊళ్ళో అందరికీ పంపిస్తామని బెదిరించి, ఒంటి మీద ఉన్నవన్నీ ఒలుచుకుని తరిమేశారు. అతను భయంతో చాలా రోజుల పాటు నోరు విప్పలేదని చివర్లో రాశారు.

"మగాడి కోసం మగాడు పోవడవేంటిరా నాయనా," అన్నాడు బేరగాడు.

"అదో జబ్బంట. మా బామ్మర్ది చెప్పాడు, దానికి మందులు గూడా ఉన్నయ్యంట," అన్నాడు మంగలి.

"మందెందుకు, నీ చేతిలో కత్తుందిగా," అన్నాడు బేరగాడు. షాపంతా నవ్వింది.

"ఏంటి బాబుగారూ, కదిలారు. తెగుద్దండి," అన్నాడు మంగలి నాతో. నేను కదలలేదని, అతని చెయ్యే కదిలిందని చెప్పాను. నిజానికి కదిలింది నేనే. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ భయం నా మెడలోంచి పోలేదని ఆ కత్తి కింద తెలిసింది.

ఇది చదివి నా ఈడువారు కొందరు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు. తిప్పేయండి, నేను బతిమాలను. మా ఇంట్లో ఎవరినీ బతిమాలే అలవాటు లేదు. నేను ఎటువంటివాణ్ణో అన్నదానికి కూడా ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను. అలా పుట్టాను, అలాగే ఉన్నాను, పెళ్ళి చేసుకుని ఒక ఆడపిల్ల బతుకు పాడు చేయలేదు. అయితే మన కాలంలో ఇటువంటివాళ్ళు లేరనీ, ఇదంతా ఫోనులతో వచ్చిందనీ అనుకునేవారి కోసం, ఉన్నామని, ఎంత భయంతో ఉన్నామో కూడా ఒకసారి చెప్పాలనిపించింది.

మాది వత్సవాయి దగ్గర పల్లె. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల కనుచూపు మేర మావే అనేవారు. నాకు ఊహ తెలిసేనాటికి అందులో చాలా భాగం పోయింది, మిగిలిన దాని మీద భూముల సీలింగ్ చట్టం కింద కేసు నడుస్తూ ఉండేది. మా ఇంట్లో మగపిల్లలకి నేర్పిన మొదటి మర్యాద ఏమిటంటే, దారిన నడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. తాతగారు బజారున వెళ్తుంటే వెనక గొడుగు పట్టేవాడొకడు, చేతిసంచి మోసేవాడొకడు ఉండేవారట. వెనక ఎప్పుడూ మనిషి ఉంటాడు గనుక చూడవలసిన పని లేదన్నదే ఆ మర్యాదకి మూలమై ఉంటుంది. గొడుగులూ మనుషులూ పోయాక కూడా ఆ మెడ మాత్రం మాకు మిగిలింది. చిన్నప్పుడు ఎవరో కేకేశారని నేను తిరిగి చూస్తే మా నాయనమ్మ విసనకర్ర కాడతో మెడ మీద తట్టేది. కావలసినవాడు ఎదురుగా వచ్చి మాట్లాడతాడు అనేది.

నాన్నగారు పోయాక కేసు నా నెత్తిన పడింది. వాయిదా పడినప్పుడల్లా నేను జగ్గయ్యపేట దాకా ఎడ్ల బండిలో వచ్చి, అక్కడ హైదరాబాదు బస్సు ఎక్కేవాణ్ణి. నాంపల్లిలో ఒక లాడ్జి, హైకోర్టులో వకీలు గారి వెనక నిలబడడం, ఆయన చెప్పిన తరవాతి తేదీ గుర్తు పెట్టుకోవడం, అంతే నా పని. సాయంత్రాలు ఖాళీ. ఊళ్ళో నేను ఎక్కడికి కదిలినా పలానా వారి అబ్బాయినే. ఆ నగరంలో నేను ఎవరికీ ఏమీ కాను. ఆ మొదటి సాయంత్రం రోడ్డు మీద నడుస్తుంటే, పెద్ద బరువేదో దించినట్టుగా ఒళ్ళు తేలికపడి, వెంటనే దాని వెనకే భయం వేసింది.

ఆ రోడ్డు నాకు ఎవరూ చూపించలేదు. ఒక పెద్ద తోట ప్రహరీగోడ పక్కన పోయే దారి అది. పొద్దు వాలే వేళకి అక్కడ మగవాళ్ళు ఒంటరిగా, ఎక్కడికీ చేరుకోవలసిన పని లేనట్టు నడిచేవారు. ఒకడు అగ్గిపెట్టె అడిగేవాడు, ఒకడు టైమెంతైందని అడిగేవాడు, చేతికి వాచీ ఉన్నవాడు కూడా అడిగేవాడు. ఎదురుపడిన ఇద్దరు దాటిపోయాక నాలుగడుగులు వేసి, ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూసుకున్నారంటే ఇక మాట్లాడుకోవలసింది పెద్దగా లేదు. ఆ భాష నాకు ఒక్క సాయంత్రంలో అర్థమైంది. పలకడం మాత్రం రాలేదు, మెడ తిరగదు గనుక. పైగా నేను కోర్టుకి కట్టుకున్న గంజి పెట్టిన పంచె, లాల్చీ, పైన కండువాతోనే ఆ రోడ్డు మీదకి వెళ్ళేవాణ్ణి. అంతా ప్యాంట్లు వేసుకున్న ఆ మనుషుల మధ్య నేను సున్నం కొట్టిన స్తంభంలా ఎంత దూరానికైనా కనబడి ఉంటాను. మా ఇంట్లో ప్యాంటు తొడిగినవాడు అప్పటికి లేడు.

ఆ రోజుల్లో చట్టం మమ్మల్ని నేరస్థులనేది. లాఠీ భయం, దొంగల భయం, రోగం భయం, అన్నీ ఉండేవి. కానీ నన్ను నిలువునా వణికించింది అవి కావు. మా కృష్ణా జిల్లా మాట. కోర్టులోనో లాడ్జి మెట్ల మీదో "ఎట్టా ఉన్నారండీ" అన్న యాస చెవిన పడితే చాలు, గుండె ఆగేది. భూములు పోతున్నాయి, మేడ కురుస్తోంది, మా అమ్మ మిగిలిన వెండి సామాను కూడా ఒక్కొక్కటిగా బయటికి పంపేస్తోంది. ఆమెకి తలెత్తుకుని తిరగడానికి మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. ఆ రోడ్డు మీద నన్ను చూసినవాడెవడో ఊళ్ళోకి వచ్చి ఒక్క మాట అంటే ఆమె ఇక గుమ్మం దాటదు. ఈ ఆలోచన లేకుండా నేను అక్కడ ఒక్క అడుగు కూడా వేయలేదు. అయినా వాయిదా వచ్చిన ప్రతిసారీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళేవారని అడగవచ్చు. ఇరవైల్లో ఉన్న మనిషికి ఆకలి ఎందుకు వేస్తుందని ఎవరూ అడగరు.

ఒక సాయంత్రం, ఇంకా వెలుగు పూర్తిగా పోకముందే, ప్రహరీ వెంట నడుస్తుంటే వెనక నుంచి కేక వినిపించింది. "ఏవండోయ్, పంచె కట్టుకున్నాయనా, మిమ్మల్నేనండీ. అటు పోబాకండి."

మా వైపు మాట. సందేహం లేదు. తిరిగి చూస్తే నా మొహం చూస్తాడు, మొహం చూస్తే ఇంటిపేరు తెలుస్తుంది. నేను మెడ నిటారుగా పెట్టి అడుగు జోరు పెంచాను. గోడ మలుపు తిరిగే చోట దీపం లేదని, జనం అక్కడికి వెళ్ళడం లేదని గమనించే స్థితిలో లేను. మా ఊరి మనిషి నుంచి తప్పించుకుంటే చాలనుకుని నేరుగా ఆ మలుపులోకి నడిచాను.

అక్కడ ఇద్దరు నిలబడి ఉన్నారు. ఖాకీ ప్యాంట్లు, పైన మామూలు చొక్కాలు, ఒకడి చేతిలో లాఠీ. నన్ను గోడకి ఆనించారు.

"ఎవనికోసం తిరుగుతున్నవ్ ఈడ? పేరేంది? బాపు పేరేంది? ఏ ఊరు?"

ఆ రోడ్డు మీద తిరిగే ప్రతివాడికీ ఒక రెండో పేరు ఉంటుందని తరవాత తెలిసింది. రాజు అనో రమేష్ అనో, సికింద్రాబాదులో ఉంటామనో చెబితే సరిపోయేది. నాకు నోరు రాలేదు. నా పేరు మార్చుకోవచ్చునేమో గాని, తండ్రి పేరు అడిగితే మరొకరి పేరు చెప్పడం ఎలాగో నాకు తెలియదు. ఇంటిపేరుతో సహా, ఊరితో సహా, కోర్టులో సాక్షి చెప్పినట్టు స్పష్టంగా చెప్పాను. లాఠీవాడు నవ్వాడు. "మంచిగ చెప్పినవ్. మీ ఊరికే జీపు పంపిస్తం. మీ అమ్మను పిలిచి చెప్తం, కొడుకు ఈడ ఏం చేస్తున్నడో." ఈలోగా రెండోవాడు నా మణికట్టు నుంచి నాన్నగారి వాచీ విప్పుకున్నాడు. నాకు కనబడింది వాచీ కాదు. మా వాకిట్లో జీపు, గుమ్మంలో అమ్మ.

అప్పుడు మలుపు తిరిగి ఒక బక్కపలచని మనిషి వచ్చాడు. వస్తూనే నా భుజం పట్టుకుని గుంజాడు.

"ఓయ్ బావా, ఇక్కడున్నావా నువ్వు? ఉచ్చకని చెప్పి ఇంతసేపా? అక్కడ అక్కయ్య చంటోణ్ణేసుకుని ఆస్పత్రి మెట్ల మీద కూలబడింది, డాక్టరు వెళ్ళిపోతన్నాడంట. అసలు నీకు బుద్ధుందా?" అని, వాళ్ళ వైపు తిరిగి గొంతు మార్చాడు. "ఏంటన్నా, గోడ దగ్గర పోసినందుకేనా? పల్లెటూరోడన్నా, తెలవదు. కావాలంటే పదండి, మా మావ కమిషనరాఫీసులోనే డఫేదారు, ఆయన ముందే మాట్లాడుకుందాం."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పో, తీస్కపో మీ బావను," అన్నాడు లాఠీవాడు. ఆ మనిషి వాచీ కూడా అడిగాడు, పెళ్ళిలో మా నాన్న పెట్టిందన్నా అని. అది మాత్రం వాళ్ళు ఇవ్వలేదు.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి దీపాల రోడ్డు దాకా తిడుతూనే నడిపించాడు. మా ఇంటికి వచ్చే షావుకార్లు కూడా గుమ్మం అవతలే నిలబడి మాట్లాడేవారు. నన్ను నువ్వు అన్నవాడు, భుజం మీద చెయ్యి వేసినవాడు అంతకు ముందు లేడు. ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి రెండు టీలు చెప్పాడు. ఆయన అప్పుడు ఒక్కసారిగా మర్యాదలోకి వచ్చాడు.

"బావా అన్నానని ఏమీ అనుకోబాకండి. ఆ కాసేపట్లో అంతకంటే గట్టి మాట తోచలా."

ఆయనది నందిగామలో బట్టల కొట్టు. సరుకు కొనడానికి తరచు హైదరాబాదు వస్తాడు. నన్ను ఎలా పోల్చారని అడిగితే, "మీ నాన్నగారికి పంచెల తానులు మా కొట్లోవేగా. ముందు అంచు చూసి మా సరుకే అనుకున్నా. తరవాత ఆ మెడ చూసి మీరే అనుకున్నా," అన్నాడు. మీరు ఆ రోడ్డు మీద ఏం చేస్తున్నారని అడిగాను. నా ప్రశ్నలో కాస్త అధికారం ఉందేమో, ఆయనకి నవ్వొచ్చింది.

"మీరేం చేస్తన్నారో అదేనండీ."

ఆయనే నెమ్మదిగా చెప్పుకుపోయాడు. వాళ్ళు పోలీసులు కారని, పోలీసువాడు రబ్బరు చెప్పులతో డ్యూటీకి రాడని, కొత్తవాడు కనబడితే ఆ మలుపు దగ్గర కాచుకుని ఉంటారని అన్నాడు. "దీపాలున్నంత మేరే నడవండి. పక్కన బస్సాగే చోటు ఉండాలి. ఎవరన్నా రమ్మన్నారనుకోండి, తిరిగొచ్చే దారి మీకు తెలీని చోటికి పోబాకండి. అసలు పేరు లాడ్జి రిజిస్టర్లోనే ఉంచుకోండి. మనసుకి తేడాగా అనిపిస్తే మర్యాద చూసుకోకుండా లేచొచ్చెయ్యండి. అన్నిటికంటే ముందు, వెనక ఎవరొస్తన్నారో చూసుకోండి మహానుభావా. నేను గొంతు చించుకుంటంటే పెళ్ళికొడుకులా ముందుకే పోతారేంటి?" అని, "ఈసారికి ప్యాంటు కుట్టించుకోండి. గుడ్డ నేనిస్తా," అన్నాడు.

ఆయన అంత చేసినా, ఊరికి తిరిగి వచ్చాక నాకు ధైర్యం రాలేదు. ఆ ఇద్దరూ పోలీసులు కాకపోవచ్చు, నా పేరూ నాన్నగారి పేరూ ఊరూ వాళ్ళకి తెలుసు. ఇక నందిగామ షావుకారుకి నేనే తెలుసు. హైదరాబాదు బస్సయినా విజయవాడ బస్సయినా నా ప్రాణాన్ని పట్టి పీడించేది. విజయవాడ వెళ్ళాలంటే నందిగామ మీదుగా పోకుండా, తిరిగి తిరిగి మైలవరం మీదుగా వెళ్ళిన రోజులున్నాయి. అమ్మ నందిగామ కొట్లో చీర తెమ్మంటే మైలవరంలో కొని తెచ్చి అక్కడిదేనని చెప్పాను. కుక్క మొరిగితే వాకిట్లోకి వెళ్ళేవాణ్ణి కాదు, ముందు కిటికీలోంచి చూసేవాణ్ణి. అన్నం తింటూ తింటూ చెవి రోడ్డు మీద వేసి ఆగిపోయేవాణ్ణి. కేసు గురించి దిగులు పడుతున్నానని అమ్మ అనుకునేది.

ఒక మధ్యాహ్నం జీపు వచ్చింది.

అమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. నేను పెరట్లో ఉన్నాను. ముందు శబ్దం, తరవాత ఇంటి మీదుగా లేచిన దుమ్ము, ఆ తరవాత అమ్మ పిలుపు. "అబ్బాయ్, ఎవరో జీపులో వచ్చారు. నీ పేరే అడుగుతున్నారు." పెరటి తలుపు తీసుకుని చేలకి అడ్డంపడి పోదామా అనుకున్నాను. నూతి వైపు కూడా చూశాను, దాచడం దేనికి. కానీ అమ్మ ఒక్కతే వాళ్ళ ముందు ఉంది. నేను లేకుండా ఆ మాట ఆమె వినకూడదు. కండువా వేసుకుని, గోడ పట్టుకుని, నడవ దాటి వచ్చాను. ఆ నడవ అంత పొడవైనదని నాకు ఎప్పుడూ తెలియదు.

వచ్చినవాళ్ళు రెవెన్యూవాళ్ళు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు పాత మనిషి, మా తాతగారి పేరు విన్నవాడు, తల వంచుకుని చెప్పాడు. "మీ కేసు కొట్టేశారండి. మిగులు భూమి స్వాధీనం చేసుకోమని ఆర్డరొచ్చింది. రేపు కొలతలకి సర్వేయరొస్తాడు."

నాకు ఊపిరి వచ్చింది. అంతేనా అనబోయి ఆపుకున్నాను. తరతరాల భూమి పోయిందన్న మాట విని గుండె తేలికపడ్డ వారసుడు మా వంశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళమన్నాను. ఆ మాట ఊరంతా పాకింది. ఆస్తి పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపాడు, కంట నీటి చుక్క లేదు, దివాణం బిడ్డ అంటే అదీ అని వత్సవాయి దాకా చెప్పుకున్నారు. అమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను చూసి గర్వపడింది. అచ్చం మీ తాత పోలికరా అంది. పోయేదాకా అలాగే నమ్మింది.

కేసు పోయాక హైదరాబాదు వెళ్ళే కారణం కూడా పోయింది. మొదట్లో అదీ మంచిదే అనుకున్నాను. జగ్గయ్యపేటలో ఒక ఎరువుల కంపెనీకి లెక్కలు చూసే పనిలో చేరాను. ఏడాది తిరిగేసరికి ఆ భయం మెల్లగా అరిగిపోయి, దాని చోట ఇంకేమీ లేకుండా పోయింది. ఒకరోజు విజయవాడ బస్సు నందిగామలో ఆగితే దిగిపోయి, ఆ బట్టల కొట్టు మెట్లెక్కాను.

కొట్లో ఆయన తండ్రి ఉన్నాడు, గుమాస్తాలున్నారు, పెళ్ళి బట్టలవాళ్ళున్నారు. ఆయన నన్ను చూసి ఏమీ ఎరగనట్టే లేచాడు. "దయచెయ్యండి, దయచెయ్యండి. ఏం చూపించమంటారు?" ప్యాంటు గుడ్డ చూపించమన్నాను. తాను విప్పి పరుస్తూ, అందరికీ వినబడేలాగే అడిగాడు. "హైదరాబాదు వెళ్తన్నారాండీ?"

కేసు పోయింది, ఇక పని లేదన్నాను.

"కేసు లేకపోతే మాత్రం? మనిషన్నాక అప్పుడప్పుడు పెద్ద డాక్టరుకి చూపించుకోవాలండీ. నేను ఆదివారం సరుక్కి వెళ్తన్నా," అన్నాడు గుడ్డ కత్తిరిస్తూ.

అలా కొన్నేళ్ళు వెళ్ళాం. ఒకే బస్సులో వేరువేరు సీట్లలో. ఆయనకీ నాకూ మధ్య మీరు అనుకునేదేమీ లేదు. ఆ రోడ్డు మీద ఒకరం నడుస్తుంటే మరొకరం కాస్త దూరంలో ఉండేవాళ్ళం. ఎవరితోనైనా మాట కలిస్తే, ఎక్కడికి వెళ్ళేదీ ముందు ఇరానీ హోటలు దాకా వచ్చి చెప్పి వెళ్ళాలి, ఏ వేళకి తిరిగి వచ్చేదీ చెప్పాలి. అంతవరకూ రెండోవాడు అక్కడే కూర్చోవాలి. నాకు భయం పోయిందని చెప్పను. ఆ ప్రయాణాల్లోనే నేను వెనక్కి తిరిగి చూడడం నేర్చుకున్నాను. మొదటిసారి మెడ తిప్పినప్పుడు వెనక ఉన్నది ఆయనే, బఠాణీలు తింటూ.

ఆయన పోయి చాలా కాలమైంది. పరామర్శకి వెళితే ఆయన భార్య నన్ను గుర్తు పట్టింది. "మీరు కట్టుకునే రకం వచ్చినప్పుడల్లా ఆయనే చూసి పక్కన తీసి పెట్టేవారండీ," అంది. నేను తల ఊపి వచ్చేశాను. నేను ఆయనకి ఏమవుతానో చెప్పే మాట మా ఇద్దరి ఊళ్ళలోనూ లేదు.

ఇప్పుడు చట్టం మారింది, మాది నేరం కాదన్నారు. ఆ వార్త చదివిన రోజు పేపరు మడిచి బీరువాలో దాచుకున్నాను. పోయినసారి కంటి పరీక్షకి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆటో ఆ గోడ పక్క నుంచే పోయింది. రోడ్డు వెడల్పు చేశారు, పగలులా దీపాలు పెట్టారు, కాలిబాట లేదు. ఎవరూ నడవడం లేదు. ఇప్పటివాళ్ళకి నడవవలసిన పని లేదు, ఇంట్లో కూర్చునే ఫోనులో మనిషిని వెతుక్కుంటారు. నేరుగా అతను చెప్పిన గదికే వెళ్తారు. ఆ గది ఎక్కడుందో ఫోనుకి తప్ప మరొకరికి తెలియదు.

మంగలి షాపులో విన్న ఆ నందిగామ యువకుడి గురించే రెండు రాత్రులు ఆలోచించాను. అతని తల్లి ఇప్పుడు ఏ చప్పుడుకి ఉలిక్కిపడుతోందో, అతను ఏ కిటికీలోంచి చూస్తున్నాడో నాకు తెలుసు. కలిసి చెబుదామంటే ఏ ఇల్లో తెలియదు, తెలిసినా ఏమని పరిచయం చేసుకుని లోపలికి వెళ్ళను? గదికి వెళ్ళే ముందు ఎవరో ఒకరికి చెప్పి వెళ్ళు నాయనా అని ఒక్క మాట. అతనికి చెప్పి వెళ్ళడానికి మనిషి లేడు. మాకు స్వేచ్ఛ లేదు గాని, టీ చల్లారిపోయినా లేవకుండా తలుపు వైపు చూస్తూ కూర్చునేవాడు ఒకడు ఉండేవాడు.